సర్కారు చెప్పింది చేసిందో లేదో ఎలా చూడాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

చిన్నీ,

బడ్జెట్ సమావేశాలు దగ్గర పడ్డాయి, ఈసారి మా పత్రిక డెస్కులో నన్ను రాయమన్నారు, ప్రభుత్వం చెప్పింది చేసిందో లేదో ఎలా తేల్చాలి మామయ్యా అని అడిగావు కదా. ఫోన్లో చెబితే కోడ్ నంబర్లు గుర్తుండవు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు. నా సర్వీసంతా ట్రెజరీలోనే గడిచింది కాబట్టి నాకు తెలిసిన దారి బిల్లుల వైపు నుంచి మొదలవుతుంది. మీ వాళ్లందరూ ప్రసంగం వైపు నుంచి మొదలుపెడతారు. నువ్వు నా దారిలో రా, మిగతా వాళ్లకి కనిపించనిది నీకు కనిపిస్తుంది.

మంత్రిగారి ప్రసంగం అన్నిటికంటే చివర చదువు. అందులో అబద్ధాలు ఉంటాయని కాదు నా ఉద్దేశం. ప్రసంగంలో ఉండేవి వచ్చే ఏడాది చెయ్యబోయే పనులు, వాటిని ఆ రోజు ఎవరూ అవుననలేరు, కాదనలేరు. మర్నాడు పేపర్లలో వ్యవసాయానికి ఇన్ని వేల కోట్లు, విద్యకి ఇన్ని వేల కోట్లు అని బొమ్మలేసి పెడతారు. ఆ వేల కోట్లు ఎవరి చేతికీ ఇంకా రాలేదు, ఏడాది గడిచాక ఎంత వచ్చాయో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఆ వెనక్కి తిరిగి చూసే పని నువ్వు చెయ్యాలి. మన దగ్గర లోటు అక్కడే ఉంది.

అన్ని శాఖల మీదా ఒకేసారి పడకు. ఒక్క పథకం పట్టుకో. నన్నడిగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పట్టుకోమంటాను, ఎందుకంటే ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో పెద్ద ఎత్తున మొదలైన దగ్గర్నుంచి రెండు రాష్ట్రాల్లో ఎవరు అధికారంలో ఉన్నా అది నడుస్తూనే ఉంది, పేర్లు మారాయి, డబ్బు ముందు కాలేజీకా, తల్లి ఖాతాకా, మళ్లీ కాలేజీకా అనేది మారింది, బకాయిల గొడవ మాత్రం మారలేదు. 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిలు ఇవ్వకపోతే మూసేస్తామనే దాకా వెళ్లాయి. ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్లకి ఉద్యోగం వస్తే, ఫీజు రాలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు తొక్కిపెట్టి ఉంచుతారు చూడు, ఆ పిల్ల కష్టానికీ బడ్జెట్ పుస్తకంలో ఉన్న ఒక అంకెకీ మధ్య ఏం జరిగిందో చెప్పగలిగితే నువ్వు నిజంగా బడ్జెట్ గురించి రాసినట్టు.

ఇక పుస్తకం తెరుద్దాం. ఏ పద్దు తీసినా నాలుగు కాలమ్‌లు కనిపిస్తాయి. 2025-26 బడ్జెట్ పుస్తకమే అనుకో, అందులో 2023-24 అకౌంట్స్, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా ఉంటాయి. అందరూ ఆఖరి కాలమ్ చూసి వెళ్లిపోతారు. నువ్వు మొదటి కాలమ్ చూడు. అకౌంట్స్ అంటే నిజంగా ఖజానా నుంచి బయటికి వెళ్లిన డబ్బు, అకౌంటెంట్ జనరల్ కార్యాలయం లెక్క కట్టి ముగించినది. కానీ ఇక్కడొక చిక్కుంది, ఆ పుస్తకంలో 2023-24కి మొదట ఎంత ఇస్తామన్నారో ఉండదు. అది 2023-24 పుస్తకంలోనే ఉంటుంది. అందుకని పాత పుస్తకాలు కూడా దగ్గర పెట్టుకోవాలి, ఆర్థిక శాఖ వెబ్‌సైట్లలో చాలావరకు దొరుకుతాయి, దొరికినప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. ఈ రోజు ఉన్న లింకు ప్రభుత్వం మారాక ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

అప్పుడు ఒక కాగితం మీద మూడు అంకెలు పక్కపక్కన రాయి: రెండేళ్ల కిందట ఇస్తామన్నది, మధ్యలో సవరించింది, చివరికి ఖర్చయింది. ఇలా ఐదేళ్లకి రాస్తే ఆ పథకం మీద ప్రభుత్వానికి ఎంత శ్రద్ధ ఉందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. సవరించిన అంచనాని మాత్రం పూర్తిగా నమ్మకు, అది ఏడాది ముగియకముందే వేసే లెక్క, మార్చి ఆఖరులో ఏ బిల్లు ఆగుతుందో, ఏది పాసవుతుందో అందులో ఉండదు. మార్చి నెలలో ట్రెజరీలో ఉండే టెన్షన్ నీకు తెలియదు, నిధులు మురిగిపోకుండా డ్రా చెయ్యాలని ఒకవైపు శాఖలన్నీ మీద పడుతుంటాయి, ఇంకోవైపు పైనుంచి ఫలానా పద్దులు ఆపమని మెసేజ్ వస్తుంది.

అంకెలు చూసేటప్పుడు పేజీ పైన వేలల్లోనా, లక్షల్లోనా, కోట్లలోనా అనేది ముందు చూడు. ఇది చూడకుండా రాసిన వార్తలు నేను చాలా చదివాను, రెండు సున్నాల తేడాతో జిల్లా మొత్తానికి ఇచ్చింది మండలానికి ఇచ్చినట్టు అయిపోతుంది.

ఇప్పుడు కోడ్‌ల సంగతి, ఇది నీకు బాగా పనికొస్తుంది, శ్రద్ధగా చదువు. బడ్జెట్‌లో ప్రతి ఖర్చుకీ నాలుగంకెల మేజర్ హెడ్ ఉంటుంది, దేశమంతా ఒకటే. మొదటి అంకె చూస్తేనే సగం విషయం తెలుస్తుంది. సున్నాతోనో ఒకటితోనో మొదలైతే అది రాబడి. రెండు, మూడుతో మొదలైతే రెవెన్యూ ఖర్చు, అంటే జీతాలు, పింఛన్లు, స్కాలర్‌షిప్‌లు, సబ్సిడీలు, వడ్డీలు. నాలుగు, ఐదు అయితే పెట్టుబడి ఖర్చు, అంటే కట్టడాలు, రోడ్లు, ప్రాజెక్టులు. ఆరు, ఏడు అప్పుల లెక్క. ఎనిమిది ప్రజా పద్దు, అంటే ఉద్యోగుల పీఎఫ్, డిపాజిట్లు లాంటి, ప్రభుత్వం దగ్గర ఉన్నా ప్రభుత్వానిది కాని డబ్బు. 2202 సాధారణ విద్య, దానికి రెండు వేలు కలిపితే 4202, అదే విద్య మీద పెట్టుబడి ఖర్చు. 2210 వైద్యం, 4210 ఆస్పత్రి భవనాలు. మంత్రిగారు విద్యకి ఇంత అన్నప్పుడు అందులో 2202 ఎంత, 4202 ఎంత అని విడదీసి చూడు, జీతాలకి పోగా కొత్త గదులకి ఏం మిగిలిందో కనిపిస్తుంది. వడ్డీలు 2049లో ఉంటాయి, పింఛన్లు 2071లో. ఈ రెండూ ఏ రాష్ట్రం పుస్తకంలోనైనా ముందు తీసి చూడాల్సినవి, ఎందుకో తర్వాత చెబుతాను.

మన ఫీజుల పథకం 2225 కింద ఉంటుంది, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల సంక్షేమం. దాని కింద 01 ఎస్సీ, 02 ఎస్టీ, 03 బీసీ, 04 మైనారిటీలు. ఆ తర్వాత వచ్చే మూడంకెల కోడ్‌ని మైనర్ హెడ్ అంటారు, అందులో 277 అంటే విద్య. కాబట్టి 2225-01-277 దగ్గర ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లు వెతుకు, బీసీలకి 03 దగ్గర. మీ రిపోర్టర్లు సాధారణంగా తప్పిపోయేది ఇక్కడే. పథకం పేరు ఒక్కటే, డబ్బు మాత్రం నాలుగైదు శాఖల పద్దుల్లో చెల్లాచెదురుగా ఉంటుంది, అన్నీ కూడితే గాని మొత్తం రాదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అని 2020 డిసెంబరులో కేంద్రం మార్చింది, రాష్ట్రం తన వాటా వేశాక కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం డబ్బు కూడా ఆగుతుంది. ఇది తెలియకుండా తప్పంతా కేంద్రానిదనో, అంతా రాష్ట్రానిదనో రాస్తే నిన్ను నమ్మి చదివినవాళ్లకి అన్యాయం చేసినట్టే.

ఇంకొకటి, ఏ పద్దులోనైనా మైనర్ హెడ్ 789 కనిపిస్తే అది ఎస్సీల ప్రత్యేక నిధి, 796 కనిపిస్తే గిరిజన ఉప ప్రణాళిక. వ్యవసాయంలో, రోడ్లలో, మంచినీళ్లలో అన్నిచోట్లా ఈ రెండు కోడ్‌లూ వస్తాయి. వీటి వెనక ఒక చట్టం ఉంది, దాని గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే చట్టానికీ డబ్బుకీ సంబంధం అర్థం కావడానికి మన రాష్ట్రాల్లో అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జనాభాలో ఎంత శాతం ఉన్నారో ప్రణాళిక డబ్బులో అంత శాతం వాళ్లకి వెళ్లాలన్న ఆలోచన 1970ల నాటిది. ముందు గిరిజనులకి ఉప ప్రణాళిక వచ్చింది, తర్వాత దళితులకి ప్రత్యేక కాంపొనెంట్ ప్లాన్. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారులు దానికోసం చాలా కష్టపడ్డారు. కానీ అది ప్రభుత్వ ఆదేశంగా మాత్రమే ఉండేది. ఒక ఏడాది కేటాయిస్తారు, ఖర్చు పెట్టరు, ఇంకో ఏడాది ఆ డబ్బు వేరే పనికి మళ్లిస్తారు, అడగడానికి చట్టం లేదు. పెద్ద పోరాటం జరిగాక 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉప ప్రణాళిక చట్టం తెచ్చింది, అప్పుడది పదేళ్లకి పెట్టిన చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో గడువు ముగిసే ముందు 2023 జనవరిలో ఆర్డినెన్స్ తెచ్చి ఇంకో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో సొంత చట్టం చేసుకుంది, అందులో ఒక ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాదికి కలపాలన్న నిబంధన పెట్టింది. మంచి నిబంధన. అయితే నువ్వు చూడాల్సినవి రెండు. ఒకటి, చట్టం కేటాయింపుని కట్టిపడేస్తుంది గాని ఖర్చుని అంత గట్టిగా కట్టిపడెయ్యలేదు, కాబట్టి 789 కింద బడ్జెట్ కాలమ్ నిండుగా కనిపించి అకౌంట్స్ కాలమ్ బోసిగా ఉంటే అది రాయాల్సిన వార్త. రెండు, అందరికీ ఇచ్చే పథకంలో దళితుల వాటా ఇంత అని లెక్క చూపించి 789లో రాసెయ్యడం. రాష్ట్రంలో అందరికీ వెళ్లే సబ్సిడీలో ఒక ముక్కని దళితుల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఖర్చు అని చూపించడం నా దృష్టిలో చట్టం ఉద్దేశాన్ని వమ్ము చెయ్యడమే. దళితవాడకి ప్రత్యేకంగా వెళ్లిన రోడ్డు, హాస్టల్, భూమి వేరు, అందరి లెక్కలోంచి కోసి చూపించింది వేరు, ఈ రెండిటినీ విడదీసి జాబితా వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎవరు అధికారంలో ఉన్నా ఈ పద్ధతి ఉంది, కాబట్టి ఎవరి మీదా కక్షతో రాశావని అనలేరు.

చట్టం అన్నాను కాబట్టి ఇదీ తెలుసుకో. రాజ్యాంగం 266వ అధికరణ ప్రకారం సంచిత నిధి, అంటే ప్రభుత్వ రాబడీ అప్పులూ చేరే ఖజానా నుంచి చట్టం లేకుండా ఒక్క రూపాయి తియ్యడానికి లేదు. ఆ చట్టమే ద్రవ్య వినిమయ చట్టం, ప్రతి ఏడాదీ శాసనసభ పాస్ చెయ్యాలి. బడ్జెట్ అంటే మంత్రి చదివే పుస్తకం అనుకుంటారు చాలామంది, అసలు బలం ఈ చట్టానిది. 2024లో ఎన్నికల వల్ల రెండు రాష్ట్రాల్లోనూ ముందు ఓట్ ఆన్ అకౌంటే, అంటే కొన్ని నెలల ఖర్చుకి మాత్రం సభ ఇచ్చే అనుమతే వచ్చింది. తెలంగాణ ఫిబ్రవరిలో అది పెట్టి జులై 25న పూర్తి బడ్జెట్ పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ ఆన్ అకౌంట్ గడువు జులై ఆఖరుకి ముగిస్తే ఆర్డినెన్స్‌తో పొడిగించి నవంబరు 11న పూర్తి బడ్జెట్ పెట్టారు. అంటే అక్కడ ఆ ఏడాది దాదాపు మూడింట రెండొంతుల కాలం పూర్తి బడ్జెట్ లేకుండానే నడిచింది. ఆ ఏడాది అంకెల్ని మిగతా ఏళ్లతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకుని రాయి.

శాసనసభలో పద్దుల మీద చర్చ జరిగే రోజులు కూడా లెక్కపెట్టు. ఒక్కరోజులో అరడజను శాఖల పద్దులు, చర్చ లేకుండా మిగతావి మూజువాణి ఓటుతో పాస్. మన ఎమ్మెల్యేలు టీవీల ముందు మాట్లాడినంతసేపు పద్దుల మీద సభలో మాట్లాడరు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీ జిల్లా ఎమ్మెల్యే ఏ పద్దు మీద మాట్లాడారో, ఏం అడిగారో సభా కార్యకలాపాల రికార్డు చూసి రాస్తే అదొక్కటే మంచి కథనం అవుతుంది. కేటాయించిన దానికంటే ఎక్కువ ఖర్చు చేస్తే దాన్ని 205వ అధికరణ కింద సభ ముందు పెట్టి క్రమబద్ధం చేయించుకోవాలి, ఏళ్ల తరబడి చేయించుకోలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికల్లో రాస్తూనే ఉంటుంది. ఆ పేజీలు ఎవరూ తిప్పరు.

ఇక డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న. ఫలానాది ఎందుకు ఇవ్వట్లేదు అని కోపంగా రాసే ముందు ఈ భాగం చూసుకో. రాష్ట్రానికి వచ్చే సొమ్ములో జీతాలు, పింఛన్లు, వడ్డీలు ముందే కోత పడతాయి, 2049, 2071 చూడమన్నది అందుకే. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో 2021-26 కాలానికి రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది, ఆ ఐదేళ్లకి ఆ 41లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు, మనం పెట్రోలు మీద కేంద్రానికి కట్టేదాంట్లో పెద్ద భాగం అలా పంపకం బయటే ఉంటుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చాలా వస్తువుల మీద పన్ను రేటు సొంతంగా మార్చే అధికారం రాష్ట్రాలకి పోయింది. మిగిలింది మద్యం, పెట్రోలు డీజిల్, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. ఏ పార్టీ వచ్చినా మద్యం ఆదాయం మీద ఎందుకు అంత ఆధారపడుతుందో, భూముల మార్కెట్ విలువలు ఎందుకు సవరిస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. 0039 ఎక్సైజు, 0030 స్టాంపులు రిజిస్ట్రేషన్లు, రాబడి పుస్తకంలో ఇవి చూడు. ఇదంతా ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడానికి చెప్పట్లేదు. ఉన్న చోటు ఎంతో తెలిస్తేనే ఆ చోటులో వాళ్లు ఏం ఎంచుకున్నారో నిలదీసి అడగగలవు.

అప్పుల గురించి మన దగ్గర రెండు రకాల అరుపులే వినిపిస్తాయి, రాష్ట్రం దివాలా తీసింది అని ఒకటి, అందరూ చేస్తున్నారు కదా అని రెండోది. రెండూ వదిలెయ్. అప్పు తేవడం తప్పు కాదు, ప్రాజెక్టు కట్టాలంటే, ఆస్పత్రి కట్టాలంటే అప్పు కావాలి, వచ్చే తరం కూడా వాడుకుంటుంది కాబట్టి వాళ్లూ కొంత కడతారు. రెవెన్యూ లోటు ఉంటే మాత్రం రోజువారీ ఖర్చులకే అప్పు వాడుతున్నట్టు, దాన్ని ద్రవ్యలోటు, అంటే ఆ ఏడాది అప్పుతో పూడ్చాల్సిన మొత్తం లోటు పక్కన పెట్టి చూడు. తెచ్చిన అప్పులో ఎంత భాగం నాలుగు, ఐదుతో మొదలయ్యే పద్దుల్లోకి వెళ్లింది, అదీ అడగాల్సిన ప్రశ్న. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే 293వ అధికరణ కింద కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఆ పరిమితిలో రిజర్వ్ బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో రాష్ట్రాల బాండ్ల వేలం వేస్తుంది, ఎవరు ఎంత, ఎన్నేళ్లకి, ఏ వడ్డీకి తీసుకున్నారో అదే రోజు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. చేతిలో డబ్బు తగ్గితే రిజర్వ్ బ్యాంకు దగ్గరే వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు అనే కొద్దికాలపు చేబదులు వాడతారు, అదీ దాటితే ఓవర్ డ్రాఫ్ట్, అది వరసగా 14 పని దినాలు దాటితే చెల్లింపులు ఆగిపోతాయి. ఏడాదిలో ఎన్ని రోజులు ఓవర్ డ్రాఫ్ట్‌లో ఉన్నారో కాగ్ రాష్ట్ర ఆర్థిక స్థితి నివేదికలో ఉంటుంది. ఫీజు బిల్లు ఎందుకు ఆగిందో అడిగే నీకు ఆ రోజుల లెక్క చాలా చెబుతుంది.

బడ్జెట్ పుస్తకంలో కనిపించని అప్పులు కూడా ఉంటాయి, కార్పొరేషన్ పేరు మీద తెచ్చి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చి ప్రభుత్వమే తీర్చేవి. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ ఇలాంటి అప్పుల వల్లే చర్చలోకి వచ్చాయి. 2022 నుంచి కేంద్రం ఇలాంటివి కూడా రాష్ట్రం అప్పుల పరిమితిలో కలిపి చూడటం మొదలుపెట్టింది. గ్యారంటీల జాబితా బడ్జెట్ పత్రాల్లోనే వేరే పుస్తకంలో ఉంటుంది. అప్పు మొత్తం ఇంత అని ఎవరైనా నీకు చెబితే, ఇవి కలిపా, కలపకుండానా అని అడుగు. రెండు పార్టీలు చెప్పే అంకెలు కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇప్పుడు జీవోలు. ఇక్కడే మా శాఖ అనుభవం నీకు ఎక్కువ పనికొస్తుంది. ఎమ్మెల్యేగారు ఫలానా రోడ్డుకి ఇన్ని కోట్లు మంజూరు అని జీవో చూపిస్తారు, ఫోటో దిగుతారు, మీరు వేసేస్తారు. ఆ జీవో తెరిచి చదువు. చాలావరకు అది పరిపాలనా అనుమతి. పరిపాలనా అనుమతి అంటే నిశ్చితార్థం లాంటిది, పెళ్లి ముహూర్తం ఇంకా పెట్టలేదు. దాని తర్వాత టెక్నికల్ శాంక్షన్ రావాలి, టెండరు, అగ్రిమెంటు అవ్వాలి, పని జరగాలి, పని కొలతలు రాసే ఎం-బుక్కులో రికార్డవ్వాలి, బిల్లు పెట్టాలి, బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి, ఇవన్నీ అయినా ఆ రోజు ఖజానాలో డబ్బుండాలి. జీవోలో హెడ్ ఆఫ్ అకౌంట్, అంటే డబ్బు ఏ కోడ్ పద్దు నుంచి రావాలో రాసిందా లేదా చూడు. రాయకపోతే ఆ పనికి డబ్బు ఎక్కడి నుంచో వాళ్లకే తేలలేదన్నమాట. రాసి ఉంటే ఆ హెడ్ కింద బడ్జెట్ ఎంతుందో చూడు, ఒక్కోసారి యాభై కోట్ల పనులకి అనుమతులిచ్చి హెడ్‌లో ఐదు కోట్లు ఉంటాయి, కాంట్రాక్టర్లు బిల్లుల కోసం తిరిగేది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోల వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేసి 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలం జీవోలు కావాలంటే కొంచెం కష్టపడాలి, అయినా వదలొద్దు.

బిల్లు ట్రెజరీకి వచ్చి పాసయ్యాక టోకెన్ నంబరు పడుతుంది. బయటివాళ్లు టోకెన్ వచ్చిందంటే డబ్బు వచ్చేసిందనుకుంటారు. టోకెన్ వచ్చి నెలల తరబడి ఎదురుచూసిన కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలు వచ్చాక చెల్లింపు బటన్ జిల్లా ట్రెజరీ చేతిలో లేదు, రాజధానిలో ఉంది. కాబట్టి జిల్లా ట్రెజరీ అధికారి మీద ఎగిరి లాభం లేదు, ఆయన చెయ్యాల్సింది చేసేసి ఉంటాడు. నీ ప్రశ్న ఇలా ఉండాలి: ఈ తేదీ నాటి టోకెన్లు ఎన్ని పెండింగ్, వాటికంటే తర్వాత వచ్చిన బిల్లులు ఏవైనా ముందు చెల్లించారా, చెల్లిస్తే ఏ ఉత్తర్వు మీద. వరస తప్పడమే అసలు కథ. ఎవరి బిల్లు వెనక్కి పోయింది, ఎవరిది ముందుకొచ్చింది అన్నదాంట్లో ప్రభుత్వం దేనికి ప్రాధాన్యం ఇస్తుందో ప్రసంగంలో కంటే స్పష్టంగా ఉంటుంది.

ఈ వివరాలు అడిగితే ఎవరూ ఇవ్వరు, సమాచార హక్కు దరఖాస్తు వెయ్యాలి. 2005 చట్టం, తెలుగులోనే రాయొచ్చు, ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. దరఖాస్తులో ఎందుకు ఇవ్వలేదు అని రాయకు, ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు సమాచారం కాదని కొట్టేస్తారు. ఫలానా హెడ్ కింద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విడుదల ఉత్తర్వుల నకళ్లు, చెల్లించిన బిల్లుల జాబితా, పెండింగ్ టోకెన్ల జాబితా ఇవ్వండి అని రాయి. కాగితం అడిగితే కాగితం ఇవ్వక తప్పదు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు ఆ క్లర్కుతో మర్యాదగా మాట్లాడు, కాఫీ తాగారా అని అడుగు, ఆ మనిషికి రోజంతా తిట్లే తప్ప పలకరింపు ఉండదు. సగం దరఖాస్తులు పాడయ్యేది ఏ రిజిస్టర్ అడగాలో తెలియకపోవడం వల్లే, ఆ పేరు చెప్పేది వాళ్లే.

రాష్ట్రం పుస్తకం భయపెడితే ముందు మన పంచాయతీతో మొదలుపెట్టు. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది చూడొచ్చు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం మంచినీళ్లు, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు, మిగతా 40 జీతాలకి తప్ప పంచాయతీ ఇష్టం. మన ఊరి కాలవ ఎందుకు బాగవలేదో నీకు అక్కడే తేలిపోవచ్చు, సర్పంచిని అడిగితే కరెంటు బిల్లుల కిందకి పోయిందంటాడు, నిజమే కావచ్చు, 2021లో ఆంధ్రప్రదేశ్ సర్పంచులు సరిగ్గా ఆ విషయం మీదే ఆందోళన చేశారు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. నీ అంకె తప్పని తేలిన రోజున నువ్వు రాసిన మిగతా తొంభై తొమ్మిది నిజాలూ కొట్టుకుపోతాయి, కాబట్టి ప్రచురించే ముందు అదే అంకెని ఆ శాఖ వాళ్లకి పంపి ఇది సరైనదేనా అని రాతపూర్వకంగా అడుగు. రెండు ప్రభుత్వాల్ని పోల్చేటప్పుడు ఒకరి అంచనాని ఇంకొకరి అకౌంట్స్‌తో పోల్చకు, అంచనాని అంచనాతో, ఖర్చుని ఖర్చుతో పోల్చు. పదేళ్ల కిందటి వంద కోట్లూ ఇప్పటి వంద కోట్లూ ఒకటి కావు, ఆ పథకంలో ఉన్న విద్యార్థుల సంఖ్యతో భాగించి తలకి ఎంత పడిందో చూడు. పార్టీల వాళ్లు నీకు ఫోన్ చేసి మెచ్చుకుంటారు, ఇంకో పార్టీ వాళ్లు తిడతారు, ప్రభుత్వం మారాక ఆ ఫోన్లు అటూ ఇటూ అవుతాయి. అప్పుడు కూడా నువ్వు అదే మూడు అంకెలు పక్కపక్కన పెట్టి రాస్తున్నావా లేదా అన్నదే నేను చూస్తాను.

ఈ వారం చెయ్యాల్సింది ఇది. 2225 కింద 277 మైనర్ హెడ్ గత ఐదేళ్ల పుస్తకాల్లోంచి తియ్యి, 01, 02, 03, 04 నాలుగూ విడివిడిగా, అంచనా, సవరించినది, అకౌంట్స్. కాగ్ వెబ్‌సైట్‌లో నెలవారీ కీ ఇండికేటర్స్ ఉంటాయి, రాష్ట్రం మొత్తానికి ఈ ఏడాది ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అందులో తెలుస్తుంది, ఆఖరి నెలది దింపుకో. మీ జిల్లాలో రెండు ఇంజనీరింగ్ కాలేజీలు, ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లి టోకెన్ నంబర్లు, తేదీలు రాసుకో, సర్టిఫికెట్లు ఆగిన పిల్లలతో మాట్లాడు, వాళ్ల పేర్లు వెయ్యొద్దు, కాలేజీ వాళ్లు వాళ్ల మీద పడతారు. అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టి ఆదివారం లోపు నాకు పంపు, కోడ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూస్తాను. అమ్మకి చెప్పు, అత్త పచ్చడి పంపిస్తోంది.

మీ మామయ్య